కడుపు కోసి బ్రతికించిన కథలు

మన భాషలో 'కడుపు' అనే మాటకు వున్న విస్తారం మరి యే అవయవానికీ లేదు. ఆకలి వేసేదీ కడుపే, బిడ్డను మోసేదీ కడుపే. పెద్దలు దీవిస్తే 'మీ కడుపు చల్లగా' అంటారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దుఃఖానికి మనవాళ్ళు పెట్టిన పేరు 'కడుపుకోత'. బరంపురంలో వున్నా, హోసూరులో వున్నా, షోలాపూరులో వున్నా, ఇంట్లో తెలుగు యెంత పలచబడినా ఈ మాటలు మాత్రం పోలేదు. కడుపు కొయ్యడమంటే ప్రాణం తీసినంత పని అని ఆ మాటలోనే వున్నది గదా! రెండు వందల యేండ్ల క్రిందటి వరకూ పాశ్చాత్య వైద్యులదీ అదే అభిప్రాయం. చెయ్యి కుళ్ళితే చెయ్యి తీసివేసేవారు, కాలు కుళ్ళితే కాలు తీసివేసేవారు, మూత్రాశయంలో రాయి వుంటే దాన్నీ తీసేవారు. కడుపు జోలికి మాత్రం పోయేవారు కారు.

అందుకు కారణాలు రెండు. మొదటిది నొప్పి. మత్తుమందు లేని కాలంలో రోగిని నలుగురు పట్టుకొని వుండగా వైద్యుడు నిమిషాలు లెక్కపెట్టుకుంటూ కొయ్యాలి. కాలు తీయడం రెండు మూడు నిమిషాల పని. కడుపులో వెతికి, కట్టి, కుట్టి రావడం అంత త్వరగా తెమిలేది కాదు. రెండవ కారణం చీము. కడుపు గోడకు లోపలి వైపునా, పేగుల మీదా ఒక పలుచని పొర పరచుకొని వుంటుంది. మలినం దానికి ఒకచోట తగిలితే చాలు, తడిబట్టకు రంగు పాకినట్లు అంతటా పాకుతుంది. అట్లా పాకితే అయిదారు రోజుల్లో మనిషి చేయి దాటిపోయేవాడు. సూక్ష్మజీవుల సంగతి అప్పటికి యెవరికీ తెలియదు.

మన పూర్వులకు కడుపు కొయ్యడం బొత్తిగా తెలియదని మాత్రం అనుకోకూడదు. సుశ్రుత సంహితలో పేగు పగిలిన రోగికి చేయవలసిన చికిత్స వున్నది. నాభికి క్రిందుగా కోసి, పేగును పైకి తీసి, పగిలిన అంచులను దగ్గరకు చేర్చి, నల్లచీమల చేత కరిపించాలి. చీమ గట్టిగా పట్టుకోగానే మొండెం తెంపివేస్తే తల అక్కడే కుట్టులాగా నిలిచిపోతుంది. తరువాత పేగును లోపల పెట్టి పైన కుట్టాలి. వింటే నవ్వు వస్తుంది గాని, లోపల ఇమిడిపోయే కుట్టు కావాలని వాళ్ళు గ్రహించినారు చూడండి, అది సామాన్యమైన గ్రహింపు కాదు. ఆ విద్య గ్రంథంలో నిలిచినట్లుగా ఆచరణలో నిలవలేదు.

ఇక ఆధునిక కాలపు కథలకు వస్తాను. మొదటిది ఒక కంతి కథ.

1809 డిసెంబరులో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో జేన్ టాడ్ క్రాఫర్డ్ అనే గృహిణికి కడుపు విపరీతంగా పెరిగింది. నలభై అయిదు దాటిన మనిషి. కవలపిల్లలనీ, నెలలు దాటినా ప్రసవం కావడం లేదనీ అక్కడి వైద్యులు భావించి, డాన్విల్ అనే వూరి నుంచి ఇఫ్రెయిం మెక్‌డొవెల్ అనే వైద్యుణ్ణి పిలిపించినారు. ఆయన స్కాట్లండులోని ఎడింబరోలో కొంతకాలం చదువుకొని వచ్చినవాడు. పరీక్ష చేసి, గర్భం కాదు, అండాశయం మీద కంతి అని తేల్చినాడు. పెద్ద పెద్ద వైద్యులు కూడా ఇట్టి కంతిని తీయడానికి సాహసించలేదనీ, తీస్తే బ్రతుకుతావని హామీ ఇవ్వలేననీ, తీయకపోతే మరణం నిశ్చయమనీ ఆమెకు దాపరికం లేకుండా చెప్పినాడు. డాన్విల్‌కు రాగలిగితే ప్రయత్నిస్తానన్నాడు.

ఆమె వస్తానన్నది. దూరం అరవై మైళ్ళు. చలికాలం, అడవి దారి. ఆ కంతిని జీను ముందరి కొమ్ము మీద ఆనించుకొని గుర్రం మీద వచ్చింది. నన్నడిగితే, ఈ కథలో అసలు సాహసం ఈ ప్రయాణమే. కత్తి పట్టినవాడి పేరు చరిత్రలోకి యెక్కుతుంది. కత్తి క్రింద పడుకోవడానికి చలిలో అరవై మైళ్ళు స్వారీ చేసి వచ్చిన మనిషి పేరు దాని వెనుక నీడలాగా నడుస్తుంది.

క్రిస్మస్ పండుగనాడు ఆపరేషన్ జరిగినట్లు చెబుతారు. ఈథరు రావడానికి ఇంకా ముప్పయి ఆరేండ్లు వున్నది. ఆమెను ఒక బల్ల మీద పడుకోబెట్టినారు. ఎడమ వైపున తొమ్మిది అంగుళాల పొడుగున కోసినాడు. కోసీ కొయ్యగానే పేగులు బల్ల మీదికి జారివచ్చినవి. కంతి యెంత పెద్దదంటే దాన్ని యేకంగా బయటికి తీయడానికి వీలు లేకపోయింది. ముందు దాని మొదట దారం బిగించి కట్టి, కంతిని చీల్చి, లోపలి జిగురు పదార్థం తోడివేసినాడు. అది 15 పౌన్లు తూగింది. తరువాత సంచిని కోసి తీసినాడు. అది ఏడున్నర పౌన్లు. మొత్తం ఇరవై రెండున్నర పౌన్లు, అనగా పది కిలోలకు పైమాట. నడక నేర్చిన బిడ్డ బరువు. ఇదంతా ఇరవై అయిదు నిమిషాల్లో అయిపోయింది. అంతసేపూ ఆమె దైవస్తోత్రాలు చదువుకుంటూ వున్నదట. నెత్తురు కడుపులో మిగలకుండా ఆమెను ఎడమ ప్రక్కకు ఒత్తిగిలజేసి, పేగులను లోపల పెట్టి కుట్టివేసినాడు.

అయిదవ రోజున వెళ్ళి చూస్తే ఆమె లేచి తన పడక తానే సర్దుకుంటున్నది! డాక్టరు కోప్పడి పడుకోబెట్టవలసి వచ్చింది. ఇరవై అయిదు రోజుల తరువాత ఇంటికి వెళ్ళిపోయింది. ఆ తరువాత ముప్పయి రెండేండ్లు జీవించి 1842లో 78వ యేట మరణించింది.

మెక్‌డొవెల్ ఈ సంగతిని వెంటనే చాటుకోలేదు. ఇంకో రెండు ఆపరేషన్లు చేసిన తరువాత, 1817లో ఫిలడెల్ఫియా పత్రికలో మూడు కేసులనూ కలిపి చిన్న వ్యాసం వ్రాసినాడు. లండనులో ఒక వైద్యపత్రిక సంపాదకుడు, అమెరికా అడవుల్లోని మారుమూల వైద్యుడు ఇంత పని చేశాడంటే నమ్మేదెట్లా అని ఎగతాళి చేశాడు. దరిమిలా నిజం తెలిసి దేవుణ్ణీ, డాన్విల్ డాక్టరునూ క్షమాపణ అడుగుకున్నాడు. ఇక్కడ మరొక సంగతి చెప్పకుండా వుండలేను. ఆ వ్యాసంలోని రెండవ, మూడవ రోగులు నల్లజాతి స్త్రీలు. వాళ్ళ పేర్లు అందులో కనిపించవు. బానిసత్వం నడుస్తున్న కెంటకీలో వాళ్ళ ఇష్టాయిష్టాలకు యెంత విలువ వుండేదో ఊహించుకోవలసిందే. మెక్‌డొవెల్ 1830లో తీవ్రమైన కడుపు జబ్బుతోనే మరణించినాడు. ఉండుకం పగిలి వుంటుందని పలువురి ఊహ.

రెండవది గాయం కథ. ఇది పై దానికంటే చిత్రమైనది. కొంత చేదైనది కూడా.

1822 జూన్ 6వ తేదీన అమెరికా ఉత్తరపు సరిహద్దులో, మాకినా అనే ద్వీపంలో, బొచ్చుతోళ్ళ వ్యాపారం చేసే కంపెనీ దుకాణంలో ఒక తుపాకి పొరపాటున పేలింది. గజం దూరంలో నిలబడి వున్న అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కెనడా పడవకూలీకి ఎడమ ప్రక్క డొక్కలో దెబ్బ తగిలింది. ఇరవై యేండ్లయినా సరిగా నిండని కుర్రవాడు. అరచెయ్యి అంత గాయం. పక్కటెముకలు విరిగి, ఊపిరితిత్తి ముక్క ఒకటి బయటికి వచ్చింది. దాని క్రింద జీర్ణకోశానికి చిల్లిపడి, ప్రొద్దున తిన్న ఆహారం అందులో నుంచి కారుతున్నది. కోటలోని సైనిక వైద్యుడు విలియం బోమంట్ వచ్చి చూసి, ఇతడు తెల్లవారేదాకా వుండడనుకున్నాడు. కాని కట్టు కట్టినాడు.

కుర్రవాడు బ్రతికినాడు. పదిహేడు రోజుల పాటు తిన్నదల్లా గాయంలో నుంచి వచ్చివేసింది. ఎనిమాల ద్వారా పోషణ ఎక్కించినారు. తరువాత క్రమంగా లోపల నిలవసాగింది. నెలల తరబడి చికిత్స చేయగా గాయం మానింది గాని, రంధ్రం మూయలేదు. జీర్ణకోశపు అంచులు చర్మంతో కలిసి అతుక్కొని, పక్కలో ఒక చిన్న కిటికీ నిలిచిపోయింది. కట్టు వేస్తేనే తిన్నది నిలిచేది. కొన్నాళ్ళకు లోపలి పొర మడత ఒకటి తలుపు రెక్కలాగా దానికి అడ్డు వచ్చింది. వ్రేలితో నెడితే లోపలి భాగం కనిపించేది.

ఊరి అధికారులు ఇక ఇతణ్ణి పోషించలేము, స్వదేశానికి పంపిస్తామన్నారు. బోమంట్ తన ఇంటికి తెచ్చుకున్నాడు. దయతో తెచ్చుకున్నాడనడంలో సందేహం లేదు. కాని ఆ కిటికీలో నుంచి యేమి చూడవచ్చునో ఆయనకు త్వరలోనే తోచింది. ఆహారం కడుపులో యేమవుతుందన్న విషయం మీద అప్పటి పండితులకు ఏకాభిప్రాయం లేదు. కుళ్ళుతుందని కొందరు, నలుగుతుందని కొందరు, పొయ్యి మీద ఉడికినట్లు ఉడుకుతుందని కొందరు.

1825 ఆగస్టు 1వ తేదీ మధ్యాహ్నం పన్నెండు గంటలకు బోమంట్ ఒక పట్టుదారానికి మాంసపు ముక్కలు, పాత రొట్టె ముక్క, పచ్చి క్యాబేజి ముక్క కట్టి రంధ్రంలో నుంచి లోపలికి వదిలినాడు. ఒంటిగంటకు లాగి చూస్తే క్యాబేజి, రొట్టె సగం కరిగినవి. మాంసం అట్లాగే వున్నది. రెండు గంటలకు చూస్తే ఉడికించిన మాంసం కూడా మాయమైంది. మరొకప్పుడు లోపలి రసాన్ని సీసాలోకి తీసి, అందులో మాంసం ముక్క వేసి, శరీరపు వేడిమి వంటి వేడిమిలో వుంచినాడు. బయట సీసాలో కూడా మాంసం కరిగింది! జీర్ణం కావడమన్నది రసాయనిక క్రియ అని అప్పుడు కళ్ళకు కట్టినట్లు తేలింది. ఆ రసంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం వున్నదని రసాయన శాస్త్రజ్ఞులు చెప్పినారు. మనిషికి కోపం వచ్చినప్పుడు జీర్ణకోశం లోపలి తీరు మారి పైత్యరసం కనిపించడం కూడా బోమంట్ చూసినాడు. తినేటప్పుడు కోప్పడవద్దని మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అంటూ వుంటారు గదా.

ఆయన వేసిన పట్టికలో మనకు సంబంధించినది ఒకటున్నది. ఉడికిన అన్నానికి ఒక గంట. కాల్చిన పందిమాంసానికి అయిదుంబావు గంటలు. అయితే అన్నం ఒక గంటలో పూర్తిగా అరిగిపోతుందని దీనికి అర్థం కాదు. జీర్ణకోశాన్ని విడిచి ముందుకు పోతుందని మాత్రమే. అన్నంలోని పిండి పదార్థం అసలు అరిగేది చిన్నపేగులో.

1833లో బోమంట్ 238 ప్రయోగాలతో పుస్తకం ప్రచురించినాడు. లోకమంతటా పేరు వచ్చింది. మరి సెయింట్ మార్టిన్? అతనికి చదువు రాదు. 1832లో ఒక ఒప్పందపత్రం వ్రాసి, సంతకం బదులు గుర్తు పెట్టించుకున్నారు. బత్తెం, బట్టలు, యేడాదికి 150 డాలర్లు. అందుకు బదులుగా అతని కడుపు డాక్టరు చెప్పినట్లు వినాలి. ఆకలితో వుండమన్నప్పుడు వుండాలి, దారాలు లాగినప్పుడు వూరుకోవాలి. మొదట ఒకసారి చెప్పకుండా స్వస్థలానికి పోయి పెండ్లి చేసుకున్నాడు. డాక్టరు కబురుపెట్టి రప్పించినాడు. 1834లో మళ్ళీ వెళ్ళినవాడు, యెన్ని వుత్తరాలు వ్రాసినా తిరిగి రాలేదు. బోమంట్ 1853లో మంచు గడ్డకట్టిన మెట్ల మీద జారిపడి, ఆ దెబ్బతో మరణించినాడు. తెల్లవారేదాకా వుండడనుకున్న ఆ రోగి, వైద్యుడు పోయిన తరువాత ఇరవై యేడేండ్లు జీవించి 1880లో పోయినాడు. ఆ జీర్ణకోశాన్ని ప్రదర్శనశాలకు పంపాలని కొందరు వైద్యులు కోరగా, కుటుంబంవాళ్ళు ఎండాకాలంలో నాలుగు రోజులు శవాన్ని ఇంట్లోనే వుంచి, అది యెవరికీ పనికిరాకుండా పోయిన తరువాత ఎనిమిది అడుగుల లోతున పూడ్చినారు. ఆ కుటుంబాన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రావడం లేదు.

మత్తుమందు వచ్చిన తరువాత సంగతులు వేగంగా మారినవి. 1846లో బోస్టన్‌లో ఈథరు, మరుసటి యేడు ఎడింబరోలో క్లోరోఫారం. 1867లో లిస్టరు మహాశయుడు కార్బాలిక్ ఆమ్లంతో గాయాలను శుభ్రపరిచే పద్ధతిని ప్రకటించినాడు. క్లోరోఫారం మాట వచ్చింది గనుక మన హైదరాబాదును తలచుకోవాలి. ఆ మందుతో కొందరు రోగులు బల్ల మీదనే పోతూవుంటే, అది గుండెను ఆపుతున్నదా, ఊపిరిని ఆపుతున్నదా అని తగవు వచ్చింది. నిజాం ప్రభువు ధనసహాయంతో, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యాన 1888లోనూ 1889లోనూ హైదరాబాదులో రెండు కమిషన్లు జంతువుల మీద వందలాది ప్రయోగాలు చేసినవి. ఊపిరిని గమనిస్తూ వుంటే చాలునని వాటి తీర్పు. క్లోరోఫారం గుండెను కూడా హఠాత్తుగా ఆపగలదని 1911 నాటికి రుజువై, ఆ తీర్పు నిలవలేదు. అయినా మత్తిచ్చేవాడు రోగి ఊపిరి మీద నుంచి కన్ను తీయకూడదన్న పాఠం చెడ్డదేమీ కాదు.

ఆ క్లోరోఫారం క్రిందనే 1881 జనవరి 29న వియన్నాలో థియొడార్ బిల్‌రోత్ అనే ఆచార్యుడు థెరీస్ హెలర్ అనే 43 యేండ్ల స్త్రీకి ఆపరేషన్ చేశాడు. జీర్ణకోశం చివర, పేగులోకి దారి తీసేచోట రాచపుండు. నేటి మాటలో క్యాన్సర్. ఆమె తిన్నది క్రిందికి దిగదు, వాంతి అవుతుంది. చిక్కి శల్యమైంది. అంతకు పూర్వం పారిస్‌లో ఒకరు, పోలండ్ దేశీయుడొకరు ఈ ప్రయత్నం చేశారు గాని రోగులు దక్కలేదు. బిల్‌రోత్ శిష్యులు ముందుగా కుక్కల మీద యేండ్ల తరబడి అభ్యాసం చేసి, జీర్ణరసాలు తగిలినా కుట్టు నిలుస్తుందని నమ్మకం కుదుర్చుకున్నారు. గంటన్నర పట్టింది. చెడిన భాగాన్ని కోసివేసి, మిగిలిన జీర్ణకోశాన్ని పేగుతో యాభై దాకా పట్టు కుట్లతో అతికినాడు. ఆమె లేచి తిరిగింది, తిన్నది, తిన్నది నిలిచింది. కాని వ్యాధి అప్పటికే మరికొన్ని చోట్లకు పాకి వుండడం వల్ల మే నెలలో మరణించింది. శవపరీక్షలో చూస్తే అతుకు మాత్రం చక్కగా మాని వున్నది. నాలుగు నెలల ఆయుర్దాయం స్వల్పమే. కాని నోటితో తిన్నది కడుపులో నిలవడం యెంతటి సుఖమో, అది లేనివారి ఇంట్లో వున్నవారికి తెలుస్తుంది. ఈ బిల్‌రోత్ గొప్ప సంగీతప్రియుడు. బ్రామ్స్ అనే ప్రసిద్ధ సంగీతకర్త ఆయనకు ప్రాణమిత్రుడు.

చివరిది మన ఇళ్ళల్లో అందరికీ తెలిసినది: '24 గంటల కడుపునొప్పి'. పెద్దపేగు మొదట తోకలాగా వ్రేలాడే ఉండుకం వాచి, చీముపట్టి, పగలడం. దీన్ని తొలగించిన మొదటి కేసు 1735లో లండనులో జరిగింది. పదకొండేండ్ల కుర్రవాడికి గిలకలో దిగిన వరిబీజంలో ఉండుకం చిక్కుకొని వున్నది. దానికి చిల్లిపొడిచిన గుండుసూది దానిలోనే దొరికింది! అపెండిసైటిస్ అనే పేరు మాత్రం 1886లో బోస్టన్ వైద్యుడు రెజినాల్డ్ ఫిట్జ్ పెట్టినది. 1902 జూన్ 26న పట్టాభిషేకం కావలసిన ఏడవ ఎడ్వర్డ్ చక్రవర్తికి ఈ జబ్బే వచ్చింది. 24వ తేదీన రాజభవనంలోనే ఆపరేషన్ చేసి చీము తీసివేయగా, పట్టాభిషేకం ఆగస్టు 9కి వాయిదా పడింది.

ఈ జబ్బు విషయంలో మన గృహాల్లో ఇంకా పోని ఒక అలవాటున్నది. కడుపునొప్పి అనగానే అజీర్ణం అనుకొని ఆముదం పట్టించడం, కడుపు తోమించడం, వేడి కాపడం పెట్టడం. మామూలు అజీర్ణానికి అది చెల్లుతుందేమో గాని, ఉండుకం వాచినప్పుడు విరేచనాల మందు ఇస్తే, తోమితే, అది పగిలే ప్రమాదం యెక్కువవుతుంది. నొప్పి మొదట బొడ్డు చుట్టూ మొదలై, కొన్ని గంటలకు కుడివైపు క్రిందికి దిగి అక్కడ నిలబడితే, అన్నం సయించక వాంతి అయితే, ఒళ్ళు వెచ్చబడితే, దగ్గినా నడిచినా ఆ చోట పోటు పొడిస్తే ఇంట్లో వైద్యం మాని ఆనాడే ఆసుపత్రికి వెళ్ళాలి. పిల్లలలో, గర్భిణులలో, ముసలివారిలో లక్షణాలు ఇంత స్పష్టంగా వుండవు. నొప్పి హఠాత్తుగా తగ్గితే సంతోషించడానికి లేదు. ఒక్కొక్కప్పుడు అది పగిలినదనడానికి గుర్తు. నేడు స్కానింగులో వాపు కనిపెడుతున్నారు. పగలకుండా వున్న కొన్ని కేసులకు మందులతోనే నయం చేస్తున్నారు. 1980లో జర్మనీలో కుర్ట్ సెమ్ అనే వైద్యుడు చిన్న రంధ్రాల గుండా గొట్టాలు దూర్చి ఉండుకాన్ని తీసి చూపించిన తరువాత, పెద్ద కోత అవసరం కూడా చాలావరకు తగ్గింది.

మరి వైద్యుడికే ఆ నొప్పి వస్తే? చేరువలో మరో వైద్యుడు లేకపోతే?

1961 ఏప్రిల్ చివరలో దక్షిణ ధ్రువఖండంలో, రష్యావారి నొవొలాజరెవ్‌స్కయా స్థావరంలో లియొనిద్ రొగొజోవ్ అనే 27 యేండ్ల డాక్టరుకు సరిగ్గా అదే జరిగింది. స్థావరంలో ఆయన ఒక్కడే వైద్యుడు. బయట మంచుతుఫాను, ఓడ లేదు, విమానం రాదు. జ్వరం పెరుగుతున్నది. 30వ తేదీ రాత్రి తన కడుపు తానే కోసుకోవడానికి సిద్ధపడినాడు. వాతావరణ పరిశీలకుడొకడు పనిముట్లు అందించేటట్లు, యంత్రాల పనివాడొకడు అద్దమూ దీపమూ పట్టుకొనేటట్లు నియమించుకున్నాడు. తనకు స్పృహ తప్పితే యే సూది యెట్లా వెయ్యాలో వాళ్ళకు ముందే నేర్పినాడు. చర్మానికి మాత్రం నొవొకెయిన్‌తో తిమ్మిరి ఎక్కించుకున్నాడు. అద్దంలో కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తూ వుంటే అద్దాన్ని పక్కకు పెట్టి, చేతి తొడుగులు లేకుండా, వ్రేళ్ళ స్పర్శతోనే చాలా భాగం నడిపించినాడు. మధ్యలో పొరపాటున పెద్దపేగు మొదటికి కత్తి తగిలితే దాన్నీ కుట్టుకున్నాడు. అరగంట దాటిన తరువాత తల తిరగసాగింది. నాలుగైదు నిమిషాలకొకసారి ఇరవై సెకండ్లు కళ్ళు మూసుకొని ఆగడం, మళ్ళీ మొదలుపెట్టడం. ఉండుకం బయటికి వచ్చేసరికి దాని మొదట నల్లని మచ్చ కనిపించింది. ఇంకొక రోజు ఆగితే పగిలి వుండేది. గంటా నలభై అయిదు నిమిషాలకు చివరి కుట్టు వేసి, పనిముట్లు శుభ్రం చేయించి, నిద్రమాత్ర వేసుకొని పడుకున్నాడు. రెండు వారాల్లో తిరిగి పనిలోకి వచ్చినాడు. ఆ తరువాత లెనిన్‌గ్రాడులో శస్త్రవైద్యుడుగా పనిచేసి 2000లో కాలధర్మం చెందినాడు.

ఆస్ట్రేలియావారు తమ ధ్రువ స్థావరాలలో శీతకాలం గడపబోయే డాక్టర్ల ఉండుకాన్ని ముందుగానే తీయించి పంపిస్తారు. రొగొజోవ్ ఆ రాత్రి గడిపిన స్థావరానికి కొద్ది మైళ్ళ దూరంలోనే, అదే రాతినేల మీద, 1989 నుంచి మన దేశపు 'మైత్రి' స్థావరం వున్నది.